డిటెక్టివ్ అక్క ఎవరి వైపు? లండన్ నుంచి మొగల్‌పురా మీదుగా మాదాపూర్ దాకా

ఈ రోజు ఎపిసోడ్ సినిమాతో కాదు, ఒక పండ్ల సంచీతో మొదలుపెడతా.

నేను మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉన్న రోజులవి. ఒక రోజు పొద్దున టిఫిన్ దగ్గర హాస్టల్ ఆంటీ నన్ను పక్కకి పిలిచింది.

"నీ రూమ్మేట్‌కి పెద్దమ్మ ఉందా బిడ్డా?"

"ఏమో ఆంటీ, ఎందుకు?"

"నిన్న ఒకామె వచ్చింది. పెద్దమ్మనని చెప్పింది. మంచి చీర, చేతిల పండ్ల సంచీ. పిల్ల ఎన్నింటికి వస్తది, ఎవరు దింపుతరు, ఫ్రెండ్స్ ఎవరు అని అన్నీ అడిగింది. నేను చాయ్ గూడ పోసిన."

నా రూమ్మేట్‌కి పెద్దమ్మే లేదు. వాళ్లమ్మే ఇంటికి పెద్దది.

మూడు వారాల తర్వాత దాదాపు ఖాయమైన సంబంధం ఒకటి చేజారిపోయింది. అబ్బాయి వాళ్లు చెప్పిన కారణం: "మీ అమ్మాయి రాత్రి రెండింటికి మగవాళ్ల కారులో దిగుతుందట." నిజమే, దిగింది. ఆ రోజు ఆఫీసులో సర్వర్ పడిపోయి టీమ్ మొత్తం ఉండిపోయింది. దింపింది టీమ్ లీడ్. అదే కారులో ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా ఉన్నారు. ఆ ముక్క మాత్రం అబ్బాయి వాళ్లకి అందలేదు.

ఆ పండ్ల సంచీ ఆవిడ ఎవరో మీకు అర్థమైపోయి ఉంటుంది. ప్రైవేట్ డిటెక్టివ్. పెళ్లికి ముందు ఎంక్వైరీ చేసే మనిషి. మా రూమ్మేట్‌కి ఆ రోజు చాలా కోపం వచ్చింది. నాకూ వచ్చింది. కానీ కోపంతో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. అసలు ఈ ఉద్యోగం ఆడవాళ్ల చేతికి ఎలా వచ్చింది? సినిమాల్లో డిటెక్టివ్ అంటే కోటు, టోపీ, మగాడు కదా. మరి మన గేటు దాకా వచ్చింది చీర కట్టుకున్న ఆవిడ ఎందుకైంది?

ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం.

ఆడవాళ్లకి తగని ఉద్యోగం

1972లో ఇంగ్లండ్‌లో పి.డి. జేమ్స్ అనే రచయిత్రి ఒక నవల రాశారు. పేరు "యాన్ అన్‌సూటబుల్ జాబ్ ఫర్ ఎ వుమన్". ఆడవాళ్లకి తగని ఉద్యోగం అన్నమాట. 1982లో క్రిస్ పెటిట్ అనే దర్శకుడు దాన్ని సినిమాగా తీశారు. హీరోయిన్ పిప్పా గార్డ్.

కథ సింపుల్‌గా చెప్తా. ఇక్కడ నవల కథ చెప్తున్నా, స్పాయిలర్ ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. కార్డీలియా గ్రే అనే 22 ఏళ్ల అమ్మాయి. లండన్‌లో ఒక చిన్న డిటెక్టివ్ ఏజెన్సీలో పార్ట్‌నర్. సీనియర్ పార్ట్‌నర్ ఒకప్పటి పోలీస్. ఒక రోజు ఆఫీసుకి వచ్చేసరికి ఆయన ఆత్మహత్య చేసుకుని ఉంటాడు. ఏజెన్సీని, లైసెన్స్ లేని ఒక పిస్తోలుని కార్డీలియాకి వదిలేసి వెళ్లిపోతాడు. ఏజెన్సీకి డబ్బు లేదు, పేరు లేదు. అందరూ అనుకునేది ఒకటే. ఇక మూసేస్తుందిలే.

ఆ "తగని ఉద్యోగం" అనే మాట మొదట కార్డీలియాతో అనేది ఎవరో తెలుసా? మగాడు కాదు. బార్‌లో పనిచేసే ఇంకో ఆవిడ. ఇది నాకు భలే అనిపించింది. మన ఇళ్లలో కూడా "ఆడపిల్లకి ఈ ఉద్యోగం ఎందుకే" అని ముందు అనేది చాలాసార్లు అమ్మమ్మో, పిన్నో కదా.

కార్డీలియా మూసెయ్యదు. కేంబ్రిడ్జ్‌లో ఒక పెద్ద సైంటిస్ట్, తన కొడుకు ఎందుకు ఉరేసుకున్నాడో కనుక్కోమని కేసు ఇస్తాడు. ఆ కుర్రాడు చదువు మధ్యలో వదిలేసి తోటమాలిగా చేరి ఉంటాడు. కార్డీలియా అతను ఉన్న చిన్న ఇంట్లోనే దిగి, అతని బట్టలు, పుస్తకాలు, వంట గిన్నెలు చూస్తూ అది ఆత్మహత్య కాదని తేల్చుకుంటుంది. మధ్యలో ఆమెని పాడుబడ్డ బావిలో పడేస్తారు. గోడలకి వీపు, కాళ్లు తన్నిపెట్టి, అంగుళం అంగుళం పైకి వస్తుంది. హీరో వచ్చి కాపాడడు. చివరికి తేలేది, కొడుకుని చంపింది కేసు ఇచ్చిన తండ్రే అని. ఆ తండ్రిని ఇంకో స్త్రీ కాల్చి చంపేస్తుంది. కార్డీలియా ఆమెని పోలీసులకి పట్టివ్వదు. నిజం కనుక్కోవడమే ఉద్యోగంగా ఉన్న మనిషి, ఆ నిజాన్ని దాచేస్తుంది.

ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. డిటెక్టివ్‌కి నిజం తెలియడం ఒక ఎత్తు. ఆ నిజాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడం ఇంకో ఎత్తు.

రాసిన జేమ్స్ గారి జీవితం కూడా వినాలి. 1920లో పుట్టారు. భర్త రెండో ప్రపంచ యుద్ధం నుంచి మానసిక అనారోగ్యంతో తిరిగొచ్చారు. ఇద్దరు కూతుళ్లు. ఇల్లు నడిపింది ఆవిడే. ప్రభుత్వ ఆసుపత్రుల పరిపాలనలో పనిచేశారు. 1968 నుంచి అక్కడి హోం శాఖలో, నేరాలకి సంబంధించిన విభాగంలోనూ పనిచేశారు. అంటే పగలు ఫైళ్లు చూస్తూ, మిగిలిన టైంలో నవలలు రాశారు. "తగని ఉద్యోగం" అనే మాట ఆవిడ ఊరికే పెట్టలేదు.

ఆ టైం కూడా చూడండి. లండన్ పోలీసుల్లో ఆడవాళ్ల విభాగం విడిగా ఉండేది. మగ పోలీసులతో కలిపింది 1973లో. ఉద్యోగాల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న చట్టం వచ్చింది 1975లో. నవల వచ్చింది వాటికి ముందు.

పెళ్లి, విడాకులు, డిటెక్టివ్

అలాగని లేడీ డిటెక్టివ్‌ని జేమ్స్ గారు కనిపెట్టలేదు. 1856లో అమెరికాలోని షికాగోలో కేట్ వార్న్ అనే ఆవిడ పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీకి వెళ్లి ఉద్యోగం అడిగారు. పింకర్టన్ ఆమె ఆఫీసు పనికి వచ్చిందనుకున్నాడట. ఆవిడ వాదన ఏంటంటే, మగవాళ్లు వెళ్లలేని చోట్లకి నేను వెళ్లగలను, మగవాళ్లకి చెప్పని మాటలు నాకు చెప్తారు. ఉద్యోగం ఇచ్చారు. 1861లో అబ్రహాం లింకన్ ప్రమాణ స్వీకారానికి రైల్లో వెళ్తున్నప్పుడు, బాల్టిమోర్‌లో ఆయన్ని చంపే కుట్ర ఉందని అనుమానం వచ్చింది. లింకన్‌ని ఒంట్లో బాగోలేని ప్రయాణికుడిలా, తనని ఆయన చెల్లెలిలా చెప్పుకుని బండి ఎక్కించింది కేట్ వార్న్.

గమనించారా? అక్కడ చెల్లెలు, మన దగ్గర పెద్దమ్మ. పని అదే. చుట్టరికమే ఆ వేషం.

లండన్‌లో 1905లో మాడ్ వెస్ట్ అనే ఆవిడ సొంత ఏజెన్సీ పెట్టి 30 ఏళ్లకి పైగా నడిపారు. మగ వేషాల్లో ఫోటోలు దిగి పేపర్లకి ఇచ్చేవారు. ఇన్‌స్టా లేని రోజుల్లో ఇన్‌స్టా అన్నమాట.

ఇంతకీ వీళ్లకి కేసులు ఎక్కడి నుంచి వచ్చేవి? హత్యలా? కాదు. చాలావరకు పెళ్లిళ్లు. 1857లో బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చి విడాకుల కోసం కోర్టు ఏర్పడింది. అంతకుముందు విడాకులంటే పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని, డబ్బున్నవాళ్లకే సాధ్యం. కొత్త చట్టంలో విడాకులు కావాలంటే భార్యో, భర్తో తప్పుదారి పట్టారని సాక్ష్యం చూపించాలి. సాక్ష్యం ఎవరు తెస్తారు? అక్కడ మొదలైంది ప్రైవేట్ డిటెక్టివ్ వ్యాపారం ఊపు. చట్టం సాక్ష్యం అడిగింది, సాక్ష్యం అమ్మేవాళ్లు పుట్టారు.

మన దగ్గర ఇదే వ్యాపారం తలకిందులుగా పెరిగింది. అక్కడ పెళ్లి తెంచుకోవడానికి డిటెక్టివ్ కావాల్సి వచ్చింది. ఇక్కడ పెళ్లి కుదుర్చుకోవడానికి కావాల్సి వచ్చింది.

ఎందుకో ఆలోచించండి. మన తాతల కాలంలో అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి సంబంధం కలుపుకోవాలనేవారు. చూసేది ఎవరు? పెళ్లిళ్ల పేరయ్య, మేనమామ, ఆ ఊళ్లో మనకున్న చుట్టం, చాకలి, మంగలి. ఊరంతా ఒక ఎంక్వైరీ ఆఫీసే. కుర్రాడు తాగుతాడా, అప్పులున్నాయా, అత్తగారు గయ్యాళా, అన్నీ బావి దగ్గరే తెలిసిపోయేవి.

ఇప్పుడు మాదాపూర్ రండి. సైబర్ టవర్స్‌ని 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటికి చుట్టూ బండరాళ్లు, దుర్గం చెరువు, చిన్న ఊరు. ఆ తర్వాత పాతికేళ్లలో శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి, దేశంలో ప్రతి మూల నుంచి కుర్రాళ్లు, అమ్మాయిలు వచ్చి ఇక్కడి హాస్టళ్లలో, షేరింగ్ ఫ్లాట్లలో దిగారు. పక్క గదిలో ఉన్నది ఎవరో తెలీదు. మనకి ఇది స్వేచ్ఛ. నిజంగానే స్వేచ్ఛ. ఊళ్లో ఉంటే సాయంత్రం ఆరు దాటితే "ఎక్కడికి?" అని పదిమంది అడుగుతారు. ఇక్కడ ఎవ్వరూ అడగరు.

కానీ ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి అదే భయం. వాళ్లకి చెప్పే బావిగట్టు ఇక్కడ లేదు. ఆ ఖాళీలోకి వచ్చింది డిటెక్టివ్ ఏజెన్సీ. పెళ్లిళ్ల పేరయ్య చేసిన సగం పని ఇప్పుడు ఫీజు తీసుకుని వీళ్లు చేస్తున్నారు. లేడీస్ హాస్టల్ గేటు లోపలికి, బ్యూటీ పార్లర్‌లోకి, వంటింట్లోకి మగ డిటెక్టివ్ వెళ్లలేడు కాబట్టి, ఆ పనికి ఆడవాళ్లు కావాలి. కేట్ వార్న్ 1856లో చెప్పిన కారణమే.

మన తెరమీద ఎవరున్నారు?

తెలుగులో డిటెక్టివ్ అనగానే మా నాన్నగారి తరానికి గుర్తొచ్చేది కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్. పక్కన అసిస్టెంట్ రాజు. రైల్వే స్టేషన్లలో, అద్దె పుస్తకాల షాపుల్లో ఆ పాకెట్ నవలల కోసం ఎగబడేవారు. "అపరాధ పరిశోధకుడు" అనే మాట తెలిసినంతగా "పరిశోధకురాలు" అనే మాట విన్నామా? డౌటే.

సినిమాల్లో 1966లో కృష్ణ గారి "గూఢచారి 116" వచ్చి బాండ్ గాలి తెచ్చింది. ఆ గాలిలోనే కె.ఎస్.ఆర్. దాస్ గారు 1970లో "రౌడీ రాణి" తీశారు. విజయలలిత గారు గుర్రమెక్కి, తుపాకీ పట్టి ఫైట్లు చేశారు. ఆ విజయలలిత గారు విజయశాంతి గారికి పిన్ని. 1990లో "కర్తవ్యం"లో విజయశాంతి గారు పోలీస్ ఆఫీసర్‌గా చేసి జాతీయ ఉత్తమ నటి అవార్డు తీసుకున్నారు. పిన్ని చేతిలో తుపాకీ, అమ్మాయి భుజం మీద స్టార్లు. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ల చరిత్ర.

కానీ ఒకటి గమనించండి. రౌడీ రాణి పగ తీర్చుకుంటుంది. వైజయంతి ఐపీఎస్ ప్రభుత్వ అధికారి. ఇద్దరూ డిటెక్టివ్‌లు కాదు. నెమ్మదిగా గమనించి, నాలుగు ముక్కలు కలిపి, బుర్రతో నిజం కనుక్కునే మామూలు అమ్మాయి మన వెండితెర మీద చాలా అరుదు. 1986లో జంధ్యాల గారి "చంటబ్బాయ్"లో డిటెక్టివ్ చిరంజీవి. 2019లో "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ"లో నెల్లూరు డిటెక్టివ్ నవీన్ పోలిశెట్టి. ఆ ఏజెన్సీ పేరు ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. బోర్డు మీద అమ్మాయి పేరు, కుర్చీలో అబ్బాయి, అమ్మాయి అసిస్టెంట్. రెండూ నాకు చాలా ఇష్టమైన సినిమాలే, అది వేరే సంగతి. చిన్నతెర కాస్త నయం. 1995లో ఈటీవీ మొదలయ్యాక ఆ రోజుల్లోనే వంశీ గారు "లేడీ డిటెక్టివ్" అనే సీరియల్ తీశారు. మీ ఇంట్లో అక్కల్ని అడగండి, గుర్తుండే ఉంటుంది.

అసలు మన హైదరాబాద్ లేడీ డిటెక్టివ్ సినిమా మాత్రం హిందీలో వచ్చింది.

మొగల్‌పురా బాబీ

2014 జులై 4. "బాబీ జాసూస్". విద్యా బాలన్ హీరోయిన్, సమర్ షేక్ దర్శకుడు. నిర్మాతల్లో ఒకరు దియా మీర్జా, ఆవిడది హైదరాబాదే. కథ జరిగేది చార్మినార్ దగ్గరి మొగల్‌పురాలో.

బిల్కిస్ అహ్మద్, ముద్దుపేరు బాబీ. వయసు 30. పెళ్లి కాలేదు. పెద్ద డిటెక్టివ్ కావాలని కల. పెద్ద ఏజెన్సీ ఉద్యోగం ఇవ్వదు. దాంతో గల్లీలోనే చిన్న చిన్న కేసులు. ఇంట్లో నాన్న సరిగ్గా మాట్లాడడు. ఆయన దృష్టిలో ఇది తగని ఉద్యోగమే. మగ బిచ్చగాడు, జ్యోతిష్కుడు, ఇలా బోలెడు వేషాలు వేస్తుంది. మాడ్ వెస్ట్ ఫోటోలు చూసి ఈ సినిమా చూడండి, అక్కచెల్లెళ్లలా ఉంటారు.

బాబీ కేసుల్లో ఒకటి ఏంటంటే, టీవీలో యాంకర్‌గా పనిచేసే కుర్రాడు తనకి వచ్చే పెళ్లి సంబంధాలు చెడగొట్టుకోవడానికి బాబీ సాయం తీసుకుంటాడు. నవ్వుకుంటూ చూస్తాం. ఆ చెడిపోయిన సంబంధాల అవతల ఉన్న అమ్మాయిల గురించి మనం ఆలోచించం. మా రూమ్మేట్ సంగతి జరిగాక ఆ సీన్లు నేను మళ్లీ చూశా. అంత నవ్వు రాలేదు.

తర్వాత అసలు కేసు వస్తుంది. ఒక పెద్దమనిషి బోలెడు డబ్బు ఇచ్చి, ఫలానా గుర్తులున్న వాళ్లని వెతికిపెట్టమంటాడు. బాబీ వెతికిపెడుతుంది. ఇల్లు మారుతుంది, నాన్న ముందు తలెత్తుకుంటుంది. అప్పుడు అనుమానం మొదలవుతుంది. నేను వెతికిపెట్టిన వాళ్లు ఏమయ్యారు? ఈయన మంచివాడేనా? డబ్బు తీసుకున్నాక వచ్చే ఆ అనుమానమే సినిమాకి ప్రాణం. చివరికి ఆయన తప్పిపోయిన తన పిల్లల్ని వెతుక్కుంటున్న తండ్రి అని తేలుతుంది, హమ్మయ్య అనుకుంటాం. కానీ అలా కాకపోయి ఉంటే? బాబీ కనుక్కున్న అడ్రసులు ఎవరి చేతిలో పడేవి?

సినిమా పెద్దగా ఆడలేదు. నా లెక్కలో మాత్రం ముఖ్యమైన సినిమా. కార్డీలియా, బాబీ ఇద్దరికీ ఒకే పరీక్ష ఎదురైంది. నేను కనుక్కున్నది ఎవరికి ఇస్తున్నా?

అదే సంవత్సరం, ఇటు వైపు

ఇప్పుడు అదే 2014లో మాదాపూర్ వైపు వద్దాం. అంతకు ముందు ఏడాది, 2013 అక్టోబర్‌లో, మాదాపూర్‌లో క్యాబ్ ఎక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని దారి మళ్లించి అఘాయిత్యం చేశారు. మీడియా ఆమెకి "అభయ" అని పేరు పెట్టింది. ఐటీ కారిడార్ మొత్తం వణికిపోయింది. అప్పటిదాకా "హైదరాబాద్ సేఫ్" అని చెప్పుకున్న మనకి అది పెద్ద దెబ్బ.

2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. ఐపీఎస్ అధికారిణి స్వాతి లక్రా గారు నడిపించారు. తర్వాత సైబరాబాద్‌కి, రాష్ట్రమంతటికీ వచ్చాయి. వీళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. మఫ్టీలో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర నిలబడతారు. వేధించేవాడు వేధిస్తుంటే దాచిన కెమెరాతో రికార్డ్ చేసి పట్టుకుంటారు.

బాబీ సినిమా వచ్చిన నాలుగు నెలల్లోపే, అదే నగరంలో, మామూలు బట్టల్లో ఆడవాళ్లు జనంలో కలిసిపోయి గమనించడం ప్రభుత్వ ఉద్యోగం అయ్యింది. "తగని ఉద్యోగం" అన్న మాటకి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

తేడా కూడా చూడండి. షీ టీమ్ మఫ్టీలో నిలబడితే అమ్మాయిని కాపాడటానికి. పండ్ల సంచీ ఆవిడ మఫ్టీలో వస్తే అమ్మాయి మీద నిఘాకి. నైపుణ్యం ఒకటే. చూపు ఎటు తిరిగింది అన్నదే ప్రశ్న. ఇంకో తేడా, షీ టీమ్ తప్పు చేస్తే అడగడానికి పై అధికారి ఉన్నారు, కోర్టు ఉంది, చట్టం ఉంది. ప్రైవేట్ డిటెక్టివ్‌ని ఎవరు అడగాలి?

చట్టం ఏమంటుంది?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, మీకు పనికొస్తుంది.

మన దేశంలో సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకి 2005 చట్టం ఉంది, లైసెన్స్ కావాలి. ప్రైవేట్ డిటెక్టివ్‌లకి అలాంటి చట్టం లేదు. 2007లో ఒక బిల్లు రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. కార్డీలియా పుట్టిన బ్రిటన్‌లోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. 2001 చట్టంలో లైసెన్స్‌కి దారి పెట్టారు కానీ, డిటెక్టివ్‌ల విషయంలో దాన్ని అమలు చెయ్యలేదు.

అంటే ఏం చేసినా చెల్లుతుందా? అస్సలు కాదు. మీ కాల్ రికార్డులు డబ్బిచ్చి తెప్పించడం నేరం. 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు అలాంటి కేసులో కొందరు ప్రైవేట్ డిటెక్టివ్‌లని అరెస్ట్ చేశారు. ఒక అమ్మాయి వద్దంటున్నా మగవాడు పదే పదే వెంటపడటం, ఆమె మెయిల్, నెట్ వాడకంపై కన్నెయ్యడం, 2013 నుంచి మన చట్టంలో వెంటాడటం అనే నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78. ఆ సెక్షన్ మగవాడు చేస్తేనే వర్తిస్తుంది. అలాగని ఆడ డిటెక్టివ్‌కి లైసెన్స్ ఇచ్చినట్టు కాదు. ఫోన్ హ్యాక్ చేసినా, గదిలో కెమెరా పెట్టినా ఎవరికైనా కేసే.

మన తెలుగు నేల మీద నడిచిన ఒక కేసు చెప్తా. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒకసారి ఒక విడాకుల కేసు వచ్చింది. భార్య తన వాళ్లతో మాట్లాడిన ఫోన్ మాటల్ని భర్త ఆమెకి తెలియకుండా రికార్డ్ చేసి, సాక్ష్యంగా పెట్టబోయాడు. భర్త అయినా సరే అది ఆమె ప్రైవసీని కాలరాయడమే, ఆ రికార్డింగ్ సాక్ష్యంగా పనికిరాదు అంది కోర్టు. అప్పటికి సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు, అంటే ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్న 2017 తీర్పు, ఇంకా ఏళ్ల దూరంలో ఉంది.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భార్యాభర్తల మధ్య మాటల్ని ఒకరు రహస్యంగా రికార్డ్ చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టొచ్చు అని చెప్పింది. దీన్ని పట్టుకుని ఎవరి ఫోన్ అయినా వినేయొచ్చు అనుకోకండి. అది భార్యాభర్తల మధ్య మాటల గురించి, కోర్టులో నడిచే కేసు గురించి. కానీ గాలి ఎటు వీస్తోందో చూడండి. 1857లో లండన్‌లో కోర్టు సాక్ష్యం అడిగితే సాక్ష్యం అమ్మేవాళ్లు పుట్టారని చెప్పా కదా. రహస్య రికార్డింగ్‌కి కోర్టులో విలువ పెరిగితే, రహస్యంగా రికార్డ్ చేసేవాళ్లకి గిరాకీ పెరగదా?

మళ్లీ పండ్ల సంచీ

మా రూమ్మేట్ కథ ఏమైందో చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు.

రెండేళ్ల తర్వాత ఇంకో సంబంధం వచ్చింది. అబ్బాయి విదేశాల్లో. అన్నీ బాగున్నాయి. కానీ వాళ్ల ఊరి పేరు అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెప్తున్నారు, పెళ్లికి మాత్రం తెగ తొందరపెడుతున్నారు. అప్పుడు తను ఏం చేసిందో తెలుసా? ఒక డిటెక్టివ్ ఏజెన్సీకి ఫోన్ చేసింది. అవును, తనే. పది రోజుల్లో తేలింది. అతనికి అంతకు ముందే పెళ్లయింది, అది ఇంకా తెగలేదు. ఆ సంగతి పట్టుకొచ్చింది కూడా ఒక ఆవిడే. అబ్బాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఎవరికో చుట్టంలా వెళ్లిందట.

"ఈసారి కూడా పండ్ల సంచీయేనా?" అని అడిగా.

"ఏమోనే. కానీ ఈసారి నేను ఒకటి ముందే చెప్పా. ఆ అబ్బాయి ఏం తాగుతాడు, ఎవరితో తిరుగుతాడు నాకొద్దు. నాకు చెప్పిన నాలుగు విషయాలు నిజమా కాదా, అంతే చూడండి అన్నా" అంది.

నాకు ఆ మాట నచ్చింది. ఈ మొత్తం చరిత్రలో నేను వెతుకుతున్న గీత అక్కడుంది. ఎదుటి మనిషి మనకి చెప్పింది నిజమో కాదో చూసుకోవడం ఒకటి. ఎదుటి మనిషి బతుకంతా తవ్వి, అందులో మనకి నచ్చనిది ఏరుకోవడం ఇంకొకటి. మొదటిది జాగ్రత్త. రెండోది నిఘా. తనకి వచ్చిన మొదటి సంబంధంలో జరిగింది రెండోది. అది కూడా సగం ముక్కే చేరింది. ఆ కారులో ఇంకో ఇద్దరు అమ్మాయిలున్నారన్న వాక్యం కూడా ఉండి ఉంటే, బహుశా ఆ పెళ్లి జరిగేదేమో.

కాబట్టి నా లెక్కలో ఈ ఉద్యోగం ఆడవాళ్లకి తగనిదేం కాదు. కేట్ వార్న్ నుంచి షీ టీమ్ అక్కల దాకా చేసి చూపించారు. తగనిది సగం నిజాన్ని పూర్తి నిజంలా అమ్మడం. అది మగాడు చేసినా, ఆడది చేసినా తగదు.

మీరు హాస్టల్‌లో ఉంటే ఒక పని చెయ్యండి. మీ వార్డెన్ ఆంటీకి, వాచ్‌మన్ అంకుల్‌కి నెమ్మదిగా చెప్పి పెట్టండి. ఎవరైనా వచ్చి మా గురించి అడిగితే, చుట్టమన్నా సరే, ముందు మాకు ఒక్క ఫోన్ కొట్టండి అని. మా ఆంటీ ఆ తర్వాత అదే చేసింది. చాయ్ మాత్రం ఇప్పటికీ పోస్తుందట, వచ్చినవాళ్లకి. "చుట్టమో, డిటెక్టివో, ఎండల వచ్చింది కదా బిడ్డా" అంటుంది.

మీ ఇంట్లో ఇలాంటి ఎంక్వైరీ కథ ఉంటే పేర్లు రాయకుండా కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. ఉంటా మరి.